కాయిన్ పుషర్‌కి ఇంట్లో చేసిన స్లైడర్లు: మూడు రకాలూ అరగదీశాక

కాయిన్ పుషర్ అంటే ముందుకీ వెనక్కీ కదిలే అర నాణేలని నెట్టే ఆట యంత్రం. ఆ అర జారడానికి పెట్టేవే స్లైడర్లు. ముందు కొలతలు. అర 400 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. ప్లైవుడ్. నిమిషానికి 12 చుట్లు తిరిగే గేర్ మోటారు, 30 మి.మీ. క్రాంక్ (మోటారు తిప్పే చెయ్యి, అరను ముందుకీ వెనక్కీ నడిపేది), అంటే 60 మి.మీ. స్ట్రోక్ (అర ఒక్కో వైపు జరిగే దూరం). మూడు రకాల స్లైడర్లనూ దీనిమీదే నెలల తరబడి నడిపాను.

అందరి చెయ్యీ మొదట పడేది డ్రాయర్ ఛానెల్ మీదే. బిగించడం తేలిక, మొదట్లో వెన్నలా జారుతుంది. కానీ డ్రాయరు రోజుకి పదిసార్లు తెరుస్తాం, ఈ అర మాత్రం గంటకి 720 సార్లు పోయి వస్తుంది, అదీ ఎప్పుడూ అదే 60 మి.మీ.లో. ఛానెల్ లోపలి ఉక్కు బాల్స్ గ్రీజుని పక్కకి నెట్టేసి పట్టాలో గాడి తొలుస్తాయి. వాటిని పట్టుకునే కేజ్ మెల్లగా ఒక పక్కకి జరిగి, స్ట్రోక్ చివర టక్‌టక్‌మని కొడుతుంది. క్రాంక్ ఊడదీసి అరను ఆ చివరి నుంచి ఈ చివరికి పూర్తిగా లాగితే సర్దుకుంటుంది, కొన్నాళ్లే.

8 మి.మీ. రాడ్, ఎల్ఎం8యుయు బేరింగులు (రాడ్ మీద జారే, లోపల బాల్స్ ఉన్న గొట్టాలు): కదలిక అన్నిటికన్నా నునుపు. మామూలు ఇనుప కడ్డీ మాత్రం వద్దు, బాల్స్ గీతలు పెట్టేస్తాయి. హార్డెన్ చేసిన, అంటే పైపొర గట్టిపరిచిన షాఫ్టే కావాలి. ఒక రాడ్ బిగించాక రెండోదాని బోల్టులు లూజుగా వదిలి, అరను రెండు చివరలకీ జరిపి, అక్కడికక్కడే బిగించాలి. అసలు తలనొప్పి నాణేలు రాసుకుని రాలే నల్లపొడి. బేరింగులోకి దూరిందంటే గరగర మొదలు.

చివరికి నిలిచింది కూరలు తరిగే ప్లాస్టిక్ బోర్డు! 10 మి.మీ. మందం బోర్డులోంచి 20 మి.మీ. వెడల్పు పట్టీలు కోసి, అల్యూమినియం ఎల్-యాంగిల్ మీద నడపడమే. పక్కలకి అర మిల్లీమీటరు సందు వదలాలి, చెమ్మకి ప్లైవుడ్ ఉబ్బుతుంది. స్క్రూ తలలు 3 మి.మీ. లోపలికి దిగాలి, లేదంటే పట్టీ అరిగాక యాంగిల్‌ని గీకుతాయి. నూనె చుక్క కూడా వెయ్యొద్దు, పొడితో కలిసి ముద్దవుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఏ రకమైనా అర పట్టేస్తోందంటే ముందు క్రాంక్ చూడండి. తోపు సరిగ్గా మధ్యలో పడకపోతే, ఒక మూల పట్టుకుని నెట్టిన డ్రాయరులా అర ఓరగా తిరిగి బిగుసుకుంటుంది. 400 వెడల్పుకి పట్టీ పొడవు కనీసం 200 ఉండాలి. క్రాంక్‌నీ అరనీ కలిపే లింకుకి రెండు చివరలా రాడ్ ఎండ్ (అటూ ఇటూ ఒరిగే గుండ్రటి కీలు) పెట్టండి, మోటారు కాస్త వంకరగా కూర్చున్నా ఆ వంకర అరదాకా రాదు.