ఇంటి ముందు పేవర్ బ్లాక్స్: నాలుగైదు వానాకాలాలు గడిచాక

గేటు నుంచి పోర్టికో దాకా 10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. 60 ఎంఎం మందం ఉన్న 200×100 ఎంఎం బ్లాకులు, ఎం-35 గ్రేడ్ (కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె). రోజూ ఒక కారు, రెండు బైకులు తిరుగుతాయి. ఇన్నేళ్లలో బ్లాకు ఒక్కటీ పగల్లేదు. రంగు మాత్రం సగానికి సగం వెలిసింది. ఎరుపు, పసుపు కోసం ఎక్కువ పెట్టడం దండగ, మామూలు సిమెంటు రంగు చాలు. నీళ్ల ట్యాంకరు గేటు దాటి లోపలికి వచ్చే ఇళ్లకు 60 సరిపోదు, 80 ఎంఎం వేసుకోవాలి.

కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోవద్దు. రబ్బరు అచ్చుల్లో పోసిన నిగనిగలాడే పార్కింగ్ టైల్స్ వానకు జారతాయి, పై పొర లేచిపోతుంది. మెషీన్ మీద నొక్కి తీసిన గరుకు బ్లాకులే కారుకు నిలుస్తాయి. ఈ సైజు బ్లాకు ఒక్కోటి దాదాపు 2.8 కిలోలు తూగాలి. ఎండలో బాగా ఆరిన బ్లాకును తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. పేవర్ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం పీల్చే నీరు సగటున 6 శాతం దాటకూడదు, అంటే సుమారు 170 గ్రాములు. ఎండబెట్టినా లోపల కొంత తేమ మిగిలే ఉంటుంది కాబట్టి, తూకంలో 150 దాటినా ఆ సరుకు వద్దనే అంటాను.

లెక్క ఇలా ఉంటుంది. 300 చదరపు అడుగులకు, చదరపు మీటరుకు 50 చొప్పున 1,400 బ్లాకులు. కోతలకు, విరిగేవాటికి మరో 5 శాతం. అడుగున 6 ఇంచుల జీఎస్‌బీ (కంకర, రాతిపొడి కలిపిన మిశ్రమం) లేదా మంచి మొరం: దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి దాదాపు రెండు యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) తెప్పించాలి. బ్లాకుల కింద పరుపు ఇసుక 40 ఘనపుటడుగులు, సందుల్లోకి సన్న ఇసుక నాలుగైదు. మొత్తం తవ్వకం తొమ్మిదిన్నర ఇంచులు. నల్లరేగడి నేలైతే ఈ లోతు చాలదు. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. అడుగున్నర నుంచి రెండడుగులు తీసేసి మొరం నింపాల్సిందే. నింపేటప్పుడు నాలుగేసి ఇంచుల పొరలుగా వేసి, తడిపి, ప్లేట్ కంపాక్టర్ (అదిరే పలకతో నేలను అణిచే యంత్రం) తిప్పాలి. ఆరు ఇంచులూ ఒకేసారి పోసి పైన తిప్పితే పై సగమే గట్టిపడుతుంది. మొదటి వానాకాలం తర్వాత టైర్ల వెంట గాడి పడేది ఇందుకే.

వాలు ప్రతి ఐదడుగులకు ఒక ఇంచి, గేటు వైపుకు. 30 అడుగులకు 6 ఇంచులు. ఈ వాలు కింది మొరంలోనే రావాలి. పైన ఇసుకతో సర్దితే ఒకచోట ఇంచి, ఒకచోట మూడించులు పడుతుంది, మందం ఎక్కువున్న చోటే కుంగుతుంది. పరుపు అంతటా ఇంచింపావు దాటకూడదు. రెండు పైపులు పరిచి, వాటి మీద బద్దె లాగితే సమంగా వస్తుంది. లాగాక దాని మీద అడుగు పెట్టకూడదు.

మన దగ్గర మేస్త్రీలు ఎక్కువమంది కింద పీసీసీ (ఇనుము లేని మామూలు కాంక్రీటు) పోసి, దాని మీద క్రషర్ డస్ట్ పరుస్తారు. వినడానికి గట్టిగా అనిపిస్తుంది, కానీ సందుల్లోంచి దిగిన నీరు పీసీసీ మీద నిలిచిపోతుంది, డస్ట్ బురదవుతుంది, కారు ఎక్కినప్పుడల్లా అది సందుల్లోంచి పైకి చిమ్ముతుంది. సందుల్లో సిమెంటు పాలు పోయడం కూడా అంతే. బ్లాకులు కదిలే చోట సిమెంటు చిట్లుతుంది, తర్వాత ఒక్క బ్లాకు తీయాలన్నా పగలగొట్టక తప్పదు.

అంచులు ముందే కట్టుకోవాలి. రెండు పక్కలా, గేటు దగ్గరా 4 ఇంచుల వెడల్పు, 8 ఇంచుల లోతు కాంక్రీటు. అంచు లేని చోట ఇసుక పక్కకు జారి బ్లాకులు విడిపోతాయి. పేర్చడం హెరింగ్‌బోన్‌లోనే, అంటే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా అల్లినట్టు. వరసలుగా పేర్చినవి బ్రేకు వేసినప్పుడల్లా కొంచెం కొంచెంగా జరుగుతాయి. సందు 2 నుంచి 4 ఎంఎం ఉండాలి. మూడో వంతు కంటే చిన్న ముక్క అంచున నిలవదు. దాని పక్క బ్లాకును కూడా కోసి రెండు పెద్ద ముక్కలు చేయండి. సంపు మూత చుట్టూ ఇది మరీ ముఖ్యం.

పేర్చాక కంపాక్టర్‌కు రబ్బరు ప్యాడ్ వేసి ఒక చుట్టు, తర్వాత పొడి ఇసుక ఊడ్చి రెండు మూడు చుట్లు. ఇసుక తడిగా ఉంటే పైనే ఆగిపోతుంది. అందుకే ఈ పని రోహిణి కార్తె ఎండల్లో పెట్టుకుని మృగశిర లోపు ముగిస్తే మేలు.

వాడకంలో విసిగించేది చీమలు. సందుల్లోంచి ఇసుక బయటికి తోడేస్తాయి. ఏటా వానలకు ముందు ఒకసారి ఇసుక నింపకపోతే గడ్డి మొలుస్తుంది. ప్రెజర్ వాషర్‌ను నిటారుగా పెడితే సందులు ఖాళీ అవుతాయి, ఏటవాలుగా పట్టుకోవాలి. కొత్తలో కనిపించే తెల్ల పొడి లోపం కాదు, కొన్ని వానలకు పోతుంది. దానికి యాసిడ్ పోస్తే బ్లాకు పైపొర తినేస్తుంది.

కాంక్రీటు కంటే దీన్ని ఎందుకు మెచ్చుకుంటానంటే, కింద పైపు లీకైతే పారతో ఒక బ్లాకు లేపితే చాలు, మిగతావి చేత్తో వస్తాయి. గుంతను మొరంతో నింపి, దిమ్మిసతో కొట్టి, ఇసుక పరిచి, చుట్టుపక్కల కంటే పావు ఇంచి ఎత్తుగా పేర్చి అణగకొట్టాలి. దీనికోసం అదే లాటు బ్లాకులు పాతిక దాకా ఎండా వానా తగిలేలా ఆరుబయటే ఉంచండి. గదిలో దాచినవి తర్వాత వేస్తే రంగు కలవదు.