పర్లాకిమిడి తెలుగు బైబిల్ క్లాసు (గలతీ, రోమా పత్రికలు): వెళ్ళొచ్చాక నా అభిప్రాయం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక తెలుగు సంఘం వాళ్ళు సాయంత్రాలు గలతీ, రోమా పత్రికల మీద, అంటే బైబిల్లో అపొస్తలుడైన పౌలు తొలినాటి సంఘాలకి రాసిన ఉత్తరాల మీద, క్లాసు పెడుతున్నారు. అది ఎలా ఉందని ఇక్కడివాళ్ళూ, అవతల ఆంధ్రా వైపు పాతపట్నం వాళ్ళూ అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒకేసారి రాస్తున్నాను. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. లోపాలున్నాయి, వాటిలో ఒకటి పెద్దదే, అది కింద రాస్తాను. అయినా కృపవలన రక్షణ అనే సంగతిని ఇంత నిదానంగా, మొదటినుంచీ తవ్వి చెప్పే చోటు ఈ చుట్టుపక్కల నాకు ఇంకోటి కనబడలేదు.

మామూలుగా మన కూటాల్లో కృప అంటే "నువ్వు పాపివి, దేవుడు నిన్ను క్షమించాడు" అని చెప్పి పాట ఎత్తుకుంటారు. అది నిజమే, ఎవరూ కాదనరు. కానీ పౌలు ఈ మాట కోసం అంత గట్టిగా పోట్లాడింది ఏ సందర్భంలో? యూదులు కానివాళ్ళు యేసును నమ్ముకుంటే సరిపోతుందా, లేక సున్నతి చేయించుకుని మోషే ధర్మశాస్త్రం పట్టుకుని ముందు యూదులైపోవాలా అన్న గొడవలో. ఆ గొడవ తెలియకుండా గలతీ పత్రిక చదివితే సగం మాటలు తల మీదుగా వెళ్ళిపోతాయి. క్లాసు చెప్పే ఆయన పాస్టర్ కాదు, రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన పత్రికలు తెరవడానికి ముందే అపొస్తలుల కార్యములు 10, 11, 15 అధ్యాయాలు పట్టుకుని కూర్చోబెట్టారు. మొదట్లో కొందరికి విసుగొచ్చింది, రోమా పత్రిక అని పిలిచి ఇదేంటని. తర్వాత ఎందుకో అందరికీ అర్థమైంది.

కొర్నేలీ కథ మనకి సండే స్కూల్ నుంచీ తెలుసు. కైసరయలో యూదుడు కాని రోమా శతాధిపతి, యొప్పేలో యేసు శిష్యుడైన పేతురుకి దర్శనం, పేతురు అతని ఇంటికి వెళ్ళి బోధించడం, అంతా కంఠతా వచ్చు. కానీ పేతురు యెరూషలేముకి తిరిగొచ్చాక అక్కడివాళ్ళు ఏమని నిలదీశారో చూడమన్నారు మాస్టారు. ఎందుకు బోధించావని కాదు. సున్నతి లేనివాళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళతో కలిసి ఎందుకు తిన్నావని! అప్పటికి కొర్నేలీ ఇంట్లోవాళ్ళు సున్నతి పొందలేదు, బాప్తిస్మం కూడా తీసుకోకముందే, పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ వాళ్ళ మీదికి వచ్చేశాడు. దేవుడే ముందు చేర్చుకున్నాక మనం గుమ్మం దగ్గర నిలబడి ఏం అడ్డుకుంటాం?

15వ అధ్యాయానికి, అంటే దాదాపు క్రీ.శ. 49లో యెరూషలేములో జరిగిన సభకి, మాస్టారు ఎక్కువ సమయం ఇచ్చారు, అది చాలా మంచి పని. అక్కడ పేతురు ఒప్పుకున్న మాట నన్ను కదిలించింది. మన పితరులైనా మనమైనా మోయలేకపోయిన కాడిని శిష్యుల మెడ మీద ఎందుకు పెడుతున్నారు అంటాడు. అంటే యూదులు ధర్మశాస్త్రం వల్లా, అన్యజనులు (యూదులు కానివాళ్ళు) కృపవల్లా రక్షణ పొందుతారని రెండు లెక్కలు లేవు. పుట్టుకతో యూదుడైన పేతురుకీ ప్రభువైన యేసు కృపే దిక్కు, కొర్నేలీకీ అదే దిక్కు. సగంమంది బోధకులు ఈ వాక్యాన్ని అన్యజనులకి దొరికిన కన్సెషన్‌లా చెప్తారు, అది కాదు. ఇద్దరినీ ఒకే నేల మీద నిలబెట్టే మాట అది.

పౌలుతో కలిసి పనిచేసిన తీతు, తిమోతి విషయం కూడా బాగా విడగొట్టి చెప్పారు. తీతుకి సున్నతి చేయించడానికి పౌలు అస్సలు ఒప్పుకోలేదు, మరి తిమోతికి తానే చేయించాడు, ఇదెక్కడి న్యాయం అని మా వెనక వరసలో ఒక చెల్లెమ్మ అడిగింది. తిమోతి తల్లి యూదురాలు, యూదుల మధ్య తిరిగి పని చేయాలి కాబట్టి చేయించాడు, తీతు దగ్గర దాన్ని తప్పనిసరి షరతుగా పెట్టబోయారు, షరతు అన్నచోట పౌలు ఒక్క గడియ కూడా లొంగలేదు అన్నారు మాస్టారు. ఇంత సూటిగా నేను ఎక్కడా వినలేదు.

ఇక గలతీ 2. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ ఉండి, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే భయపడి పక్కకి తప్పుకున్నాడు, పౌలు తోటి పనివాడు బర్నబా కూడా వాళ్ళతో పాటు కొట్టుకుపోయాడు, పౌలు అందరి ముందూ ముఖాముఖిగా గద్దించాడు. ఇది చదువుతున్నప్పుడు కొండల వైపు నుంచి వచ్చే ఒక సవర గిరిజన పెద్దాయన లేచి, "మీవాళ్ళు మా ఊరొచ్చి ప్రార్థన చేస్తారు, మా ఇంట్లో అన్నం మాత్రం తినరు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. హాల్లో తెలుగువాళ్ళం ఉన్నాం, ఒడియావాళ్ళున్నారు, అందరం తల దించుకున్నాం. ఇంకెవరైనా అయితే వెంటనే "మనమంతా ప్రభువులో ఒక్కటే కదా తాతగారూ" అని సర్దేసేవాళ్ళు. మాస్టారు సర్దలేదు. 14వ వచనం మళ్ళీ చదివించారు. పేతురు ఆ రోజు నోటితో తప్పుడు బోధ ఏమీ చేయలేదు, భోజనం దగ్గరనుంచి లేచాడంతే, దానికే పౌలు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు, మరి కులం చూసి కంచం మార్చే విశ్వాసిని ఏమనాలి అని అడిగి ఊరుకున్నారు. నా మటుకు నాకు ఈ క్లాసు విలువంతా ఆ సాయంత్రంలోనే ఉంది. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, సోమవారం పక్కవాడి ఇంట్లో మంచినీళ్ళు ముట్టనివాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళు కృప గురించి ఎంత సాక్ష్యం చెప్పినా నేను నమ్మలేను.

రోమా 4 రోజున బోర్డు మీద వేసిన లెక్క కూడా చెప్పాలి. ఆదికాండము 15లో అబ్రాము (తర్వాత అబ్రాహాము అయినవాడు) దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. 16లో ఇష్మాయేలు పుట్టేటప్పటికి అతనికి 86 ఏళ్ళు. 17లో సున్నతి పొందేటప్పటికి 99. అంటే నీతిమంతుడని దేవుడు ఎంచిన తర్వాత కనీసం 13 ఏళ్ళు అబ్రాహాము సున్నతి లేకుండానే ఉన్నాడు. అందుకే పౌలు అతన్ని సున్నతి లేని విశ్వాసులకీ తండ్రి, సున్నతి గలవాళ్ళలో అతని విశ్వాసపు అడుగుల్లో నడిచేవాళ్ళకీ తండ్రి అంటాడు. ఎంత సులువైన లెక్క, ఇన్నాళ్ళూ ఎవరూ వేసి చూపించలేదు!

యూదులకీ అన్యజనులకీ మధ్య ఉన్న గోడను క్రీస్తు పడగొట్టాడని ఎఫెసీ 2లో ఉంది, ఆ మాట దగ్గర మాస్టారు ఒక ఫొటో ప్రింటు తీసుకొచ్చారు. యెరూషలేము దేవాలయంలో అన్యజనులు దాటకూడని అడ్డుగోడ ఉండేది, దాని మీద గ్రీకులో హెచ్చరిక రాళ్ళు పెట్టారు. వాటిలో పూర్తిగా మిగిలిన రాయి ఒకటి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. లోపలికి వచ్చి పట్టుబడినవాడు తన చావుకి తానే బాధ్యుడు అని దాని అర్థం. యూదుడు కాని, ఎఫెసువాడైన త్రోఫిమును లోపలికి తెచ్చాడనుకునే కదా అపొస్తలుల కార్యములు 21లో పౌలును చంపబోయారు. ఆ రాయి చూశాక గోడ పడగొట్టాడన్న మాట ఊరికే కవిత్వంగా అనిపించదు.

కృప అయితే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా అని కుర్రాళ్ళు అడిగారు, అడుగుతారు. రోమా 6, ఎఫెసీ 2:10 చూపించి క్లుప్తంగా, సరిగ్గానే జవాబిచ్చారు.

ఇప్పుడు పెద్ద లోపం. రోమా 9 నుంచి 11 వరకు మూడు అధ్యాయాలూ ఒక్క సాయంత్రంలో తోసేశారు. దాంతో కొందరు "యూదుల పని అయిపోయింది, ఇప్పుడు మనమే దేవుని ప్రజలం" అనుకుంటూ ఇంటికి వెళ్ళారు, బయట చెప్పులు వేసుకుంటూ అలా మాట్లాడుకోవడం నేనే విన్నాను. పౌలు చెప్పింది సరిగ్గా దీనికి ఎదురు. దేవుడు తన ప్రజలను విసర్జించాడా, కానేకాదు అని 11వ అధ్యాయం మొదట్లోనే అంటాడు. అడవి ఒలీవ కొమ్మని తెచ్చి మంచి ఒలీవ చెట్టుకి అంటుకట్టారు, వేరు నిన్ను మోస్తోంది గానీ నువ్వు వేరును మోయడం లేదు, కొమ్మల మీద, అంటే యూదుల మీద, అతిశయపడకు అని అన్యజనులనే హెచ్చరిస్తాడు. ఆ రోజుల్లో రోమాలో సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్ళగొట్టాడు, పౌలుతో కలిసి పనిచేసిన దంపతులు అకుల, ప్రిస్కిల్ల అలా కొరింథుకి వచ్చినవాళ్ళే. క్రీ.శ. 54లో అతను చనిపోయాక యూదులు తిరిగి వచ్చేసరికి అక్కడి సంఘాల్లో అన్యజనులదే పెద్దరికం అయిపోయిందని చాలామంది పండితులు అంటారు. పౌలు కొరింథు నుంచి సుమారు 57లో ఈ పత్రిక రాసింది అలాంటి సంఘానికే అయితే, ఆ హెచ్చరిక ఎంత అవసరమో ఆలోచించండి. ఉచితంగా లోపలికి వచ్చినవాడు ఇంకొకరిని చిన్నచూపు చూస్తే కృప అర్థం కానట్టే. ఈ మాట మాస్టారికే చెప్పాను, వచ్చే విడతలో ఈ భాగానికి ఎక్కువ సమయం ఇస్తానన్నారు.

మిగతావి చిన్నవి. ఫీజు లేదు, నోట్సు జిరాక్స్ ఖర్చు మాత్రం ఇవ్వాలి, ఆ నోట్సులో అక్షరాలు మరీ చిన్నవి, పెద్దవాళ్ళు చదవలేరు. ఇక్కడ ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం కష్టం, వాళ్ళకి ఒడియాలో ఒక పేజీ అయినా ఇస్తే బాగుంటుంది. మధ్యలో టీ ఇస్తారు. కరెంటు పోతే ఫోన్ లైట్లే దిక్కు. క్లాసు చెప్పిన టైముకి మొదలవుతుంది గానీ ముగియదు, పాతపట్నం వైపు వెళ్ళేవాళ్ళు తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి.

తెలుగు బైబిలైనా ఒడియా బైబిలైనా ఏదో ఒకటి చేతిలో ఉండాలి, ఫోన్‌లో చూస్తామంటే మాస్టారు ఒప్పుకోరు. రోమా 9, 10, 11 ఇంట్లోనే రెండుమూడు సార్లు చదివి, ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. ఎన్ని అడిగినా ఆయన విసుక్కోరు.