స్పెక్ట్రమ్ ప్లస్‌తో ఆరేళ్లు: ఆ మసక ఎక్కడిది?

మా మేనమామ ఇంట్లో అటక మీద దొరికిన, టీవీనే తెరగా వాడుకునే పాత ఇంటి కంప్యూటర్ స్పెక్ట్రమ్ ప్లస్‌ను హన్మకొండకు తెచ్చుకొని ఆరేళ్లయింది. దాని మెమరీ ఎంత, కీబోర్డు ఎలాంటిది అన్నవి ఈ పాత కంప్యూటర్ల మీద మోజున్నవారికి చెప్పనక్కర్లేదు. నేను రాయదలచుకున్నది తెర మీద కనిపించే బొమ్మ గురించే. నాకు దక్కిన సంబరమూ, పడిన విసుగూ రెండూ అక్కడివే.

మొదట్లో అందరిలాగే యాంటెన్నా తీగతో టీవీకి కలిపాను. యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్‌లో, అంటే 591.25 మెగాహెర్ట్జ్ దగ్గర, బొమ్మ వస్తుంది. ఎంత జాగ్రత్తగా ట్యూన్ చేసినా బొమ్మను టీవీ ఛానెల్ సిగ్నల్‌గా మార్చే మాడ్యులేటర్ అరగంటకు వేడెక్కి ఛానెల్ పక్కకు జరిగేది. ఆన్ చేయగానే కనబడే 1982 అన్న అంకెల్లో 8 లోపలి రెండు సున్నలూ పూడుకుపోయి, మసిపట్టిన లాంతరు గాజులోంచి చూసినట్టుండేది.

వరంగల్ స్టేషన్ రోడ్డులో ఎన్నో ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన మాడ్యులేటర్ డబ్బా మూత తీసి, సాకెట్‌కు లోపలి నుంచి వచ్చే రెసిస్టర్ కాలు విప్పి, బోర్డు నుంచి వచ్చే వీడియో తీగను నేరుగా ఆ సాకెట్‌కే సోల్డర్ చేశారు. "సార్, మంచిగున్న సిగ్నల్‌ను రేడియో లెక్క ఎక్కించి, మల్ల టీవీల దించుడు ఎందుకు?" అన్నారు. టీవీలో బొమ్మను నేరుగా తీసుకునే ఏవీ సాకెట్‌కు తగిలించిన ఆ సాయంత్రం నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చెక్కినట్టు నిలబడ్డాయి. ఇక ఈ యంత్రానికి మరేదీ అక్కర్లేదని అప్పట్లో కనబడిన వారందరికీ చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. తెలుపు నలుపుల విషయంలో అది నిజమే కానీ, నీలం మీద ఎరుపు అక్షరాలు నేటికీ అంచుల దగ్గర అలుక్కుపోతాయి, అక్కడ చుక్కలు చీమల్లా పాకుతాయి. ఈ యంత్రం చుక్కలను 7 మెగాహెర్ట్జ్ వేగంతో గీస్తుంది, రంగు మాత్రం అదే తీగలో 4.43 మెగాహెర్ట్జ్ వాహక తరంగం మీద ప్రయాణిస్తుంది కనుక, చుక్క చుక్కకూ రంగు మారడం పాల్ అనే రంగుల టీవీ పద్ధతిలో సాధ్యం కాదు. ఇది ఏ మెకానిక్ చేతిలోనూ లేని పని.

పాత టీవీని పక్కన పెట్టి ఎల్‌సీడీకి మారినప్పుడు, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చవక డబ్బా ఒకటి కొన్నాను. స్పెక్ట్రమ్ సెకనుకు 50 సార్లు 312 గీతల పూర్తి ఫ్రేమును పంపుతుంటే, ఆ డబ్బా దాన్ని మామూలు టీవీ సిగ్నల్‌లో వచ్చే సగం ఫ్రేముగా భ్రమించి పక్కదానితో కలిపేస్తుంది. కదిలే బొమ్మ ప్రతిదానికీ ఒక నీడ తోకలా అంటుకునేది. రెండో డబ్బా కొన్నా అంతే. అప్పటి నుంచి బొమ్మకు ఏ జబ్బు వచ్చినా నేను ఆ డబ్బానే తిట్టడం అలవాటు చేసుకున్నాను, అదే నన్ను తప్పుదారి పట్టించింది.

రెండేళ్ల కిందట మే నెలలో అక్షరాల అంచులు అడ్డంగా వణకడం మొదలైంది, వాటి వెనుక ఒక మసక. డబ్బా మార్చాను, తీగ మార్చాను, పక్కింటివారి టీవీ అడిగి తెచ్చాను. మూడు వారాలు అలా గడిచాక ఒక సంగతి గమనించాను: మొదట్లో యంత్రం వేడెక్కితే బొమ్మ చెడేది, ఇప్పుడేమో వేడెక్కితే బాగుపడుతోంది. ఉదయం ఆన్ చేసిన మొదటి పావుగంటే ఘోరంగా ఉండేది. ఈ మాట ఫోన్‌లో చెప్పగానే పెద్దాయన యంత్రాన్ని చూడకుండానే, "కెపాసిటర్లు ఎండినయ్" అన్నారు. కరెంటులోని అలజడిని వడగట్టే ఆ భాగాల లోపలి ద్రవం ఏళ్లకు ఎండిపోతుంది.

తీసుకెళ్లి విప్పించాను. లోపల 9 వోల్టుల నుంచి ఒక చిన్న కాయిల్, ట్రాన్సిస్టర్ కలిసి 12 వోల్టులను తయారుచేస్తాయి, రంగును కలిపే చిప్‌కు ఆ కరెంటే ఆధారం. దాన్ని వడగట్టాల్సిన కెపాసిటర్ ఒకదాని చివర, రబ్బరు మూత పక్కన, చింతపండు పులుసు ఎండినట్టు గోధుమ రంగు మరక కనిపించింది. చల్లగా ఉన్నప్పుడు ఎండిన కెపాసిటర్ పని మరీ మందగిస్తుందని, ఆ అలజడి నేరుగా బొమ్మలోకి ఎక్కుతోందని అప్పుడర్థమైంది. ఎలక్ట్రోలిటిక్‌లు అనే ఈ రకం కెపాసిటర్లు అన్నీ, ఎక్కువగా 22 మైక్రోఫారడ్‌వి, మార్పించాను. కన్వర్టర్ డబ్బా ఆ ఒక్క విషయంలో నిర్దోషి.

పైగదిలో చోటు ఉంది కనుక నేను మళ్లీ 14 అంగుళాల పాత పిక్చర్‌ట్యూబ్ టీవీకే వచ్చాను, దాని మీద ఈ యంత్రం బొమ్మ నా కళ్లకు హాయిగా ఉంది. అపార్ట్‌మెంటులో ఒక్క ఎల్‌సీడీతో సరిపెట్టుకునేవారికి నేను ఇంత గట్టిగా చెప్పలేను. దగ్గరలో నమ్మకమైన మెకానిక్ లేనివారు ఈ యంత్రం కొనేముందు ఆలోచించుకోవాలి. మామూలు అడాప్టర్లలో నడిమి పిన్ను ప్లస్, దీనికి మైనస్ ఉండాలి, తారుమారైతే బొమ్మ సంగతి దేవుడెరుగు, యంత్రమే పోవచ్చు.

ఈ వేసవిలో ఆన్ చేసిన మొదటి రెండు నిమిషాలు అంచులు మళ్లీ కాస్త వణుకుతున్నాయి. బోర్డు మీదివన్నీ కొత్తవే కాబట్టి ఈసారి నా అనుమానం అడాప్టర్ లోపలి పెద్ద కెపాసిటర్ మీద ఉంది, వచ్చే ఆదివారం విప్పించాలి.