పోఎల్‌సీఏ ప్యాకేజీ: ఏళ్ల తరబడి వాడినమీదట నా అభిప్రాయం

సర్వే డేటాతో పనిచేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అవును, కాదు అనే జవాబులు ఒక ఏడెనిమిది ఉన్నాయి. వాటి వెనక ఎన్ని రకాల మనుషులున్నారు? ఆ రకాన్ని ఎవరూ నేరుగా అడగలేదు, అడిగినా జవాబు రాదు. 1950లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ ముందుకు తెచ్చిన లేటెంట్ క్లాస్ మోడల్ ఈ పని కోసమే: జవాబుల తీరుని బట్టి కనపడని గుంపులను (క్లాసులను) తేల్చి, ఒక్కో క్లాసులో ఏ జవాబు ఎంత సంభావ్యతతో వస్తుందో అంచనా వేస్తుంది. దాన్ని సులువుగా లెక్కగట్టే దారి 1974లో లియో గుడ్‌మన్ చూపించాడు. నేను ఈ మోడల్‌ని ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో పోఎల్‌సీఏ ప్యాకేజీతో వేస్తుంటాను. డ్రూ లింజర్, జెఫ్రీ లూయిస్ తయారుచేసిన ఈ ప్యాకేజీ గురించి వాళ్ల వ్యాసం 2011లో జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చింది. ప్యాకేజీ పూర్తిగా ఉచితం. మోడల్‌ని అర్థం చేసుకోవడానికి, డేటాని మొదటిసారి తరచి చూడడానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. పెద్ద సర్వేల తుది అంచనాలకు మాత్రం ఇదొక్కటే చాలదు.

కొత్తవాళ్లు ముందు ప్యాకేజీతోపాటు వచ్చే కార్సినోమా డేటాతో మొదలుపెట్టాలి. గర్భాశయ ముఖద్వారపు స్లైడ్లు 118. ఏడుగురు పాథాలజిస్టులు ఒక్కొక్కరూ అన్నిటినీ చూసి, క్యాన్సర్ ఉందో లేదో చెప్పారు. రెండు క్లాసులతో వేస్తే ఉన్నవి, లేనివి అని విడిపోతాయి, కానీ మోడల్ డేటాకి సరిగ్గా అమరదు. మూడు క్లాసులకు వెళ్తే అసలు సంగతి బయటపడుతుంది. సుమారు 18 శాతం స్లైడ్లు ఒక నడిమి క్లాసులో పడతాయి. వాటి విషయంలో బి, ఇ, జి అనే ముగ్గురు ఉందనే వైపు మొగ్గుతారు, సి, డి, ఎఫ్ లేదనే వైపు. ఎ మాత్రం ఇంచుమించు సగం సగం. డాక్టర్లు ఎక్కడ విభేదిస్తున్నారో, ఎవరు ఎటు మొగ్గుతున్నారో, సరైన రోగనిర్ధారణ ఏదో మనకు తెలియకుండానే లెక్క తేల్చేసింది! ఈ మోడల్ మీద నాకున్న ఇష్టమంతా ఈ ఒక్క పట్టికలో ఉంది.

రోజువారీ వాడకంలో మొదట తగిలే అడ్డంకి కోడింగ్. జవాబులు 1 నుంచి మొదలయ్యే పూర్ణ సంఖ్యలుగా ఉండాలి. మన సర్వే ఫైళ్లలో లేదు అంటే 0, అందుకని అన్నిటికీ ఒకటి కలిపిగానీ ముందుకు కదలదు. ఇంతకంటే జాగ్రత్తగా చూడాల్సినవి డిఫాల్టులు, అంటే మనం మార్చకపోతే ప్యాకేజీ తనంతట తాను వాడే సెట్టింగులు. ఖాళీ జవాబులను ఏం చేయాలో చెప్పే ఎన్‌ఏ.ఆర్‌ఎం మామూలుగా ట్రూ అని ఉంటుంది, అంటే ఒక్క జవాబు ఖాళీగా ఉన్నా ఆ మనిషి మొత్తం లెక్కలోంచి పోతాడు. దాన్ని ఫాల్స్ చేస్తే ఉన్న జవాబులతోనే అంచనా వేస్తుంది. నేనెప్పుడూ ఫాల్స్ పెట్టే నడుపుతాను.

లెక్కని ఎన్నిసార్లు కొత్తగా మొదలుపెట్టాలో చెప్పే ఎన్‌రెప్ డిఫాల్టు 1. ఇది నాకు బొత్తిగా నచ్చదు. ప్యాకేజీ అంచనాలకు వాడే ఈఎం అనే పద్ధతి ప్రతిసారీ యాదృచ్ఛికంగా ఒక చోట మొదలై పైకి ఎక్కుతూ పోతుంది. చేరింది చిన్న గుట్టో, అన్నిటికన్నా పెద్ద కొండో దానికి తెలియదు. నాలుగైదు క్లాసులు దాటాక ఒక్క ప్రయత్నంతో వచ్చిన జవాబుని నమ్మకూడదు. ఎన్‌రెప్‌ని యాభైకో వందకో పెంచి, గరిష్ఠ లాగ్-లైక్లీహుడ్ (మోడల్ డేటాకి ఎంత బాగా అమరిందో చెప్పే కొలత) మళ్లీ మళ్లీ అదే వస్తోందా అని చూడాలి. అన్ని ప్రయత్నాల విలువలనూ ప్యాకేజీ దాచిపెడుతుంది కాబట్టి ఆ పని తేలికే. వందలో ఒక్కసారే ఆ గరిష్ఠం వచ్చిందంటే, నేను క్లాసుల సంఖ్య తగ్గించడం గురించి ఆలోచిస్తాను. క్లాసుల వరస కూడా నడిపినప్పుడల్లా మారిపోతుంది. ఫలితాలు రాసేముందు పోఎల్‌సీఏ.రీఆర్డర్‌తో వరస బిగించి, అవే ప్రారంభ విలువలతో మళ్లీ నడపాలి.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో (2019-21) గర్భిణీ సంరక్షణ ప్రశ్నలు తీసుకుని, స్త్రీలకు అందిన సేవలు ఎన్ని తీరులుగా ఉన్నాయో చూడొచ్చు. నాలుగు చెకప్‌లు, ఐరన్ మాత్రలు, ధనుర్వాతం టీకా, ఆసుపత్రి కాన్పు, కాన్పు తర్వాతి పరీక్ష. దేశం మొత్తానికి ఇది బాగా నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వరకే తీసుకుంటే కథ వేరు. రెండు చోట్లా ఆసుపత్రి కాన్పులు 96 శాతం దాటిపోయాయి. ఏ క్లాసు చూసినా ఆ ప్రశ్నకు సంభావ్యత 1 దగ్గరే ఉంటుంది, క్లాసులను విడదీయడానికి అది పనికిరాదు. పైగా సంభావ్యత అంచుకి చేరితే ప్యాకేజీ చూపించే ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పే సంఖ్య) సున్నా దగ్గరికి పోతుంది. అది కచ్చితత్వం కాదు, ఆ సంఖ్యకు అర్థమే లేదు. మన రాష్ట్రాలకు ఆసుపత్రి కాన్పు అని కాకుండా ప్రభుత్వ ఆసుపత్రా, ప్రైవేటా, సిజేరియనా అని అడిగితే క్లాసులు విడివడతాయి. ఏ ప్రశ్నలు పెట్టాలన్నది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, ఆ ఊళ్లలో కాన్పులు ఎలా జరుగుతున్నాయో తెలిసినవాళ్లే చెప్పాలి.

ఇక్కడే ప్యాకేజీ పెద్ద లోటు కూడా తగులుతుంది: సర్వే వెయిట్లు, అంటే ఒక్కో మనిషి జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్యలు, తీసుకోదు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ లాంటి సర్వేలో వెయిట్లు లేకుండా తేలిన క్లాసు వాటాని రాష్ట్ర జనాభా వాటాగా రాయడం తప్పు. పరిశోధన వ్యాసాల సమీక్షకు కూర్చున్నప్పుడు నేను మొదట వెతికేది ఇదే.

మరో రెండు సంగతులు. పోఎల్‌సీఏ.ఎంట్రపీ అనే ఫంక్షన్ ఉంది కదా అని దాని విలువని వర్గీకరణ నాణ్యతగా రాసేస్తుంటారు. అది మోడల్ అంచనా వేసిన జవాబుల పట్టికకు సంబంధించిన ఎంట్రపీ, అంటే ఆ జవాబులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. క్లాసులు ఎంత స్పష్టంగా విడిపోయాయో చెప్పే సాపేక్ష ఎంట్రపీ కావాలంటే ఒక్కో మనిషి ఏ క్లాసుకు చెందే అవకాశం ఎంతో చెప్పే పోస్టీరియర్ సంభావ్యతల నుంచి మనమే లెక్కకట్టుకోవాలి. రెండోది, ప్రశ్నల జంటల మధ్య మిగిలిపోయిన సంబంధాన్ని చూపే పట్టిక ఇందులో లేదు. మాత్రలు ఇచ్చారా, మాత్రలు వేసుకున్నారా అని రెండూ పెడితే ఆ జంట కోసమే ఒక దొంగ క్లాసు పుట్టుకొస్తుంది. దాన్ని మనమే పట్టుకోవాలి.

క్లాసుల సంఖ్య ఎంచుకోవడానికి నేను బీఐసీనే (మోడల్ అమరికని, దాని సంక్లిష్టతని కలిపి తూచే ప్రమాణం) ఎక్కువ నమ్ముతాను. నైలుండ్, అస్పరూహోవ్, ముథేన్ 2007లో చేసిన సిమ్యులేషన్లలో సమాచార ప్రమాణాల్లో అదే మెరుగని తేలింది. వాళ్లు ఇంకా మెరుగన్న బూట్‌స్ట్రాప్ పరీక్ష (మోడల్ నుంచి కృత్రిమ డేటా పుట్టించి, ఇంకో క్లాసు అవసరమా అని చూసేది) ఇందులో సిద్ధంగా లేదు. ఇక నాలుగు అవును-కాదు ప్రశ్నలతో మూడు క్లాసులు వేయబోయేవాళ్లకు ఒక మాట. అంచనా వేయాల్సిన పరామితులు 14, డేటా ఇచ్చే స్వేచ్ఛాంకాలు 15, కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ మోడల్‌కి ఒకే ఒక జవాబంటూ ఉండదు, గుడ్‌మన్ అప్పుడే చూపించాడు. కనీసం ఐదు ప్రశ్నలు పెట్టండి.

డబ్బు పెట్టగలిగితే ఎమ్‌ప్లస్, లేటెంట్ గోల్డ్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ లోట్లు చాలావరకు తీరుస్తాయి. ఉచితంగానే కావాలంటే స్టెప్‌మిక్స్ అనే ప్యాకేజీ చూడండి. వెయిట్లు తీసుకుంటుంది, క్లాసులు తేల్చాక వాటిని చదువుతోనో ఆదాయంతోనో ముడిపెట్టేటప్పుడు వచ్చే పక్షపాతాన్ని సరిదిద్దే మూడంచెల పద్ధతీ అందులో ఉంది. ఇప్పుడు నేను పోఎల్‌సీఏలో క్లాసులు తేల్చుకుని, తుది అంచనాలు స్టెప్‌మిక్స్‌లో వెయిట్లతో వేసి, రెండింటి సంభావ్యతల పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూశాకే ఫలితాలు రాస్తున్నాను.