పల్స్‌ఆడియో, పైప్‌వైర్: లైనక్స్ డెస్క్‌టాప్‌కు ఏది?

2007లో ఫెడోరా 8 అనే లైనక్స్ పంపిణీతో డెస్క్‌టాప్‌కు వచ్చిన సౌండ్ సర్వర్ (శబ్దాన్ని నడిపే ప్రోగ్రామ్) పల్స్‌ఆడియో, పాటలనూ కాల్స్‌నూ కలిపి స్పీకరుకు చక్కగా పంపుతుంది. వీడియో జోలికి మాత్రం పోదు, స్టూడియో రికార్డింగుకు జాక్ అనే వేరే సర్వర్ కావలసి వచ్చేది. విమ్ టేమన్స్ ప్రారంభించిన పైప్‌వైర్ తొలుత వీడియో కోసం పుట్టి, ఆడియోను కూడా చేపట్టి, 2021లో ఫెడోరా 34లో పల్స్‌ఆడియో స్థానంలోకి వచ్చింది.

తెరపై విండోలను చూపే కొత్త వ్యవస్థ వేలాండ్‌లో ఒక అప్లికేషన్ మరొకదాని విండోను నేరుగా చూడలేదు కనుక, స్క్రీన్ షేర్ నొక్కగానే ఏది చూపాలో, అప్లికేషన్ల తరఫున అనుమతి అడిగే డెస్క్‌టాప్ పోర్టల్ మనల్ని అడిగి, ఆ దృశ్యాన్ని పైప్‌వైర్ ద్వారా బ్రౌజరుకు అందిస్తుంది. నా దృష్టిలో అసలు తేడా ఇదే. పల్స్‌ఆడియో కోసం రాసిన అప్లికేషన్లు కూడా పైప్‌వైర్‌పై మార్పు లేకుండానే నడుస్తాయి. వేలాండ్‌కు ముందునుంచీ ఉన్న ఎక్స్11 మీద సవ్యంగా పనిచేస్తున్న పాత కంప్యూటరునైతే కదిలించనక్కర్లేదు.