పిమ్‌పామ్‌పోమ్‌ను నమ్మి నేను పడ్డ తిప్పలు

ఐబీఎం జెడ్ మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద లినక్స్ నడపడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్, పరికరాల వివరాలన్నీ సిస్‌ఎఫ్‌ఎస్ అనే చోట ఫైళ్లుగా పరిచిపెడుతుందని, ఆన్‌లైన్ అనే ఫైల్లో 1 రాస్తే డిస్క్ లేస్తుందని, 0 రాస్తే పడుకుంటుందని అందరికీ తెలిసిందే. వాటి జోలికి పోను. నాకు మోజంతా ఒక్క ఫైల్ మీదే. దాని పేరు పిమ్‌పామ్‌పోమ్.

పేరు డప్పు దరువులా ఉంటుంది కానీ విషయం గట్టిదే. డిస్క్‌లాంటి ఒక్కో పరికరంతో మాట్లాడేందుకు ఒక్కో ఐ/ఓ సబ్‌ఛానెల్ ఉంటుంది, దాని డైరెక్టరీలో ఉంటుందీ ఫైల్. తెరిస్తే మూడు హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) సంఖ్యలు: డిస్క్‌కు అమర్చిన దారులు, అందుబాటులో ఉన్న దారులు, పనిచేస్తున్న దారులు. ఒక్కో బిట్ ఒక్కో దారి. మా డిస్క్‌లకు నాలుగేసి ఫైకాన్ (మెయిన్‌ఫ్రేమ్‌ను స్టోరేజ్‌కు కలిపే ఫైబర్) దారులు కాబట్టి అంతా బాగుంటే 'ఎఫ్0 ఎఫ్0 ఎఫ్ఎఫ్' కనబడాలి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్‌కు ఒకటే విలువ ఉండాలన్నది కెర్నెల్ వాళ్లే పెట్టుకున్న నియమం, ఇదేమో మూడు మోస్తోంది. అయినా నాకు అందులోనే సుఖం. ఒకసారి మధ్య సంఖ్య సీ0 అయిందని చూసి, రెండు దారులు పోయాయని అరనిమిషంలో చెప్పేశాను. అప్పట్నుంచి దీన్ని గుడ్డిగా నమ్మాను.

ఆ నమ్మకానికి ఒక రాత్రి గండి పడింది. బ్యాచ్ జాబ్‌లు నత్తనడక నడుస్తున్నాయి. పిమ్‌పామ్‌పోమ్ చూశాను: ఎఫ్0 ఎఫ్0 ఎఫ్ఎఫ్. నాలుగు దారులూ భేషుగ్గా ఉన్నాయి. 'మా వైపు ఏ లోపం లేదు, మీరే చూసుకోండి' అని స్టోరేజ్ టీమ్‌కు రాసి పంపాను, కాస్త దర్పంగానే. వాళ్లు వెతికి వెతికి, 'రెండు పోర్టుల్లో మీ నుంచి ట్రాఫిక్కే లేదు' అన్నారు. నేను మళ్లీ అవే మూడు సంఖ్యలు పంపాను. మూడు గంటలు ఇదే గొడవ.

చివరికి వేరే దారి తోచక ఛానెల్ పాత్‌ల, అంటే ఆ దారుల, డైరెక్టరీల్లోకి వెళ్లి ఒక్కోదాని స్టేటస్ ఫైల్ చూశాను. రెండింట్లో ఆఫ్‌లైన్ అని ఉంది. ముందు వారం కేబుళ్ల పని కోసం మా టీమ్‌లో ఒకరు వాటిని లినక్స్‌లోంచే పక్కన పెట్టి, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోయారు. ఇలా లినక్స్‌లో దారిని ఆపితే హార్డ్‌వేర్‌కు ఆ సంగతి పట్టదు. పిమ్‌పామ్‌పోమ్ చూపించేది సబ్‌ఛానెల్ గురించి హార్డ్‌వేర్ చెప్పిన మాట. లినక్స్ తానే దారి వాడటం మానేస్తే ఆ సంగతి అందులో రాదు.

అసలు జవాబు అదే డైరెక్టరీలో, దాని పక్కనే ఉంది. వీపీఎమ్ అనే ఇంకో ఫైల్, లినక్స్ డ్రైవర్ స్వయంగా పరీక్షించి సరే అనుకున్న దారుల లెక్క. అందులో సీ0. ఆరేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని తెరవలేదు నేను. రెండు స్టేటస్‌లూ ఆన్‌లైన్ చేశాక ఎఫ్0కు మారింది, జాబ్‌లు పరిగెత్తాయి.

విసుగొచ్చి రీబూట్ చేసి ఉంటే? ఆ స్టేటస్ రీబూట్ దాటి నిలవదు, కాబట్టి దారులు వాటంతటవే తిరిగొచ్చేవి, తప్పు శాశ్వతంగా స్టోరేజ్ వాళ్ల నెత్తిన ఉండిపోయేది.

కాబట్టి పిమ్‌పామ్‌పోమ్ మీద ఒక్క చూపు చాలు అని నేను ఇంతకుముందు పదిమందికి చెప్పిన మాటను కొంచెం సవరించుకుంటున్నాను. కేబుల్ పోయిందా, అవతలి పోర్టు ఆగిందా అన్నదానికి ఇప్పటికీ ముందు అదే తెరుస్తాను. నేను చూసేది ఒక ఎల్‌పార్ (మెయిన్‌ఫ్రేమ్‌లో విడదీసిన ఒక భాగం), డజనుకు పైగా డిస్క్‌లు, అంతే. వేలకొద్దీ పరికరాలున్నవాళ్లు ఫైళ్లు తెరుస్తూ కూర్చోరు, పరికరాలన్నిటి జాబితా ఒకేసారి చూపే ఎల్ఎస్‌సీఎస్ఎస్ కమాండ్ కొడతారు. వాళ్లకు నా గోల అనవసరం కావచ్చు. కానీ అందులో కూడా వీపీఎమ్ కాలమ్ అడిగితే తప్ప రాదు, ఆప్షన్ ఇవ్వాలి.

ఇప్పుడు నా స్క్రిప్ట్ పిమ్‌పామ్‌పోమ్, వీపీఎమ్, స్టేటస్ మూడూ చదివి, తేడా ఉంటే మెయిల్ పంపుతుంది. స్టోరేజ్ టీమ్‌కు క్షమాపణ మెయిల్ మాత్రం నేనే రాశాను.