ఛారిటీ పేరు చెప్పి అమ్మే చౌక పుస్తకాల పెట్టెలతో జాగ్రత్త

పుస్తకాలు కొనే మిత్రులందరికీ ఒక హెచ్చరిక. "సగానికి సగం ధర, మీరు కొనే ప్రతి పెట్టెకీ ఒక పుస్తకం పేద పిల్లల లైబ్రరీకి" అంటూ ఆన్‌లైన్‌లో ఒక ఆఫర్ తిరుగుతోంది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివాళ్లు పేరు మార్చుకుని మళ్లీ వస్తారు. పద్ధతి తెలిసి ఉంటే ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

నేను తెప్పించుకున్న పెట్టెలో నవలలు, చరిత్ర పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు వచ్చాయి. పైకి బాగానే ఉన్నాయి. ఒక నవల చదువుతుంటే 96వ పేజీ తర్వాత 113 వచ్చింది. కాగితాలు అంటుకున్నాయేమోనని చూశాను, లేదు, మధ్యలో పదహారు పేజీలు అసలు లేనే లేవు. చాలా పుస్తకాలు పదహారు పేజీల ఫారాలుగా, అంటే మడతపెట్టిన కాగితపు కట్టలుగా, అచ్చవుతాయి కాబట్టి బైండింగులో ఒక ఫారం జారిపోయిందన్నమాట. పేరున్న ప్రచురణకర్తల దగ్గర కూడా అరుదుగా ఇలా జరుగుతుంది, చెబితే మార్చి ఇస్తారు. అందుకని అప్పుడే అనుమానపడలేదు.

మిగతావి ఒక్కొక్కటే తీసి చూస్తే సంగతి బయటపడింది. వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడేంత పల్చటి కాగితం. కుడి అంచున వాక్యాల చివరి అక్షరాలు కోతలో పోయాయి. కాపీరైట్ పేజీ కాస్త పక్కకి ఒరిగి, స్కాన్ చేసినప్పుడు పడిన నల్లటి నీడతో సహా అచ్చయింది. ఒక పుస్తకం వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్‌తో, అంటే పుస్తకాన్ని గుర్తించే సంఖ్యతో, వెతికితే వేరే పుస్తకం వచ్చింది. పిల్లల పుస్తకంలో బొమ్మ మీద వేలు రాస్తే రంగు వేలికంటింది. అంటే అన్నీ దొంగ ముద్రణలే. రాసినవాళ్లకీ బొమ్మలు వేసినవాళ్లకీ వీటి మీద పైసా ముట్టదు.

డబ్బు వెనక్కి ఇమ్మని రాస్తే వచ్చిన జవాబే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "మీ డబ్బులో భాగం ఇప్పటికే పిల్లల పుస్తకాలకి వెళ్లిపోయింది. మంచి పనికి సాయం చేశారు, చిన్న చిన్న లోపాలు పట్టించుకోకండి" అన్నారు. ఎంత భాగం వెళ్లింది, ఎప్పుడు, రసీదు ఏదని అడిగితే "లాభాల్లో కొంత" అన్నారు. ఆ తర్వాత జవాబులు ఆగిపోయాయి. వాళ్లు ప్రకటనలో వాడుకున్న సేవా సంస్థకే నేరుగా రాశాను. తమకి ఆ అమ్మకందారుతో ఎలాంటి ఒప్పందమూ లేదని, ఆ పేరుతో ఏ విరాళమూ అందలేదని ఆ సంస్థ వాళ్లు మర్యాదగా, స్పష్టంగా చెప్పారు.

ఇక్కడే మనం మెలకువగా ఉండాలి. పిల్లల పేరు ఎత్తగానే నాణ్యత గురించి అడగడానికి మనకే మొహమాటం వేస్తుంది. ఆ మొహమాటమే వాళ్ల పెట్టుబడి. విరాళం వేరు, సరుకు వేరు. డబ్బు పెట్టి కొన్న పుస్తకంలో పేజీలు లేకపోతే అడిగే హక్కు, ఆ డబ్బులో ఎంత దానానికి పోయినా, అలాగే ఉంటుంది.

"లాభాల్లో కొంత" అన్న మాటకి అర్థమేమీ లేదు. లాభం రాలేదంటే ఇచ్చేది సున్నా. నిజంగా ఇచ్చేవాళ్లు ఫలానా సంస్థకి, అమ్మిన ధరలో ఇంత శాతం అని ముందే రాస్తారు. 2010లో మొదలైన హంబుల్ బండిల్ అనే ఆన్‌లైన్ దుకాణంలో గేములూ ఈ-పుస్తకాలూ కట్టలుగా కొనేటప్పుడు తమ డబ్బులో ఛారిటీకి ఎంత పోవాలో కొనేవాళ్లే స్లైడర్ జరిపి తేల్చేవాళ్లు. 2021లో ఆ పద్ధతిని మార్చబోతే కొనేవాళ్లు ఊరుకోలేదు, గట్టిగా నిలదీశారు. మనమూ అలాగే అడగాలి. అలాగని లాభం కోసం అమ్మడం తప్పని కాదు. 2002లో మొదలైన బెటర్ వరల్డ్ బుక్స్ వ్యాపార సంస్థే. పాత పుస్తకాలు అమ్ముతూ అక్షరాస్యతకీ లైబ్రరీలకీ సాయం చేస్తుంది. వ్యాపారమని దాచుకోదు.

ఇంకో దిగులు కూడా ఉంది. ఈ పెట్టెలోలాంటి పుస్తకాలే నిజంగా ఎక్కడో ఒక బడికి వెళితే ఏమిటి గతి? 1954 నుంచి పనిచేస్తున్న బుక్ ఎయిడ్ ఇంటర్నేషనల్ అనే సేవా సంస్థ ప్రచురణకర్తలు ఇచ్చిన కొత్త పుస్తకాలనే లైబ్రరీలకి పంపుతుంది. అక్కడి పాఠకులకి ఏవి కావాలో చూసి మరీ పంపుతుంది. దానమంటే అలా ఉండాలి. వేలికి రంగంటే బొమ్మల పుస్తకం ఏ పిల్లకీ ఇవ్వదగింది కాదు.

చౌకగా దొరికేదంతా మోసం కాదు, భయపడి మంచి బేరాలు వదులుకోకండి. అమ్ముడుపోని మిగులు స్టాకుని ప్రచురణకర్తలు బాగా తగ్గించి వదిలించుకుంటారు. అలాంటి చాలా కాపీలకి పేజీల అంచు మీద మార్కర్‌తో ఒక గీతో చుక్కో ఉంటుంది. అది లోపం కాదు, ఎందుకు చౌకో చెప్పే గుర్తు. లైబ్రరీ తీసేసిన పుస్తకమైతే ముద్ర ఉంటుంది. కారణం చెప్పలేని చౌకనే అనుమానించండి. ఐఎస్‌బీఎన్ కూడా చూడండి. 2007 నుంచి అది పదమూడు అంకెలు, 978తోనో 979తోనో మొదలవుతుంది. అంకెల్ని వరసగా 1, 3, 1, 3 చొప్పున గుణించి కూడితే మొత్తం పదితో భాగించబడాలి. లేదంటే ఆ సంఖ్య తప్పు. సరిపోయినంత మాత్రాన పుస్తకం అసలుదని కాదు, ఎందుకంటే అసలు సంఖ్యనే కాపీ కొట్టొచ్చు. అందుకే కాగితం, మార్జిన్, కాపీరైట్ పేజీ ఫొటోలు ముందే పంపమనండి.

"మా పాఠకులు ఎంచిన తప్పక చదవాల్సిన పుస్తకాలు" అన్న ఆ పెట్టె అమ్మినవాళ్ల జాబితా గురించీ చెప్పాలి. అందులో ఉన్నవన్నీ వాళ్ల దగ్గర అమ్మకానికి ఉన్నవే. వేర్వేరు పేర్లతో ఉన్న పొగడ్తల్లో వాక్యాలు మక్కీకి మక్కీ ఒకటే. నిజంగా చదివినవాళ్లు పుస్తకంలో నచ్చనిది కూడా చెబుతారు, తమ దగ్గర అమ్మకానికి లేనిది కూడా చదవమంటారు. డబ్బే ఇబ్బందైతే 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో కాపీరైట్ తీరిన వేల పుస్తకాలు ఉచితం. పిల్లల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఎన్నో భాషల కథలు ఉచితంగా చదువుకోవచ్చు.

ఇప్పటికే పార్సిల్ వచ్చినవాళ్లు పెట్టె, కవరు మీది చిరునామా, లోపాలున్న పేజీలు ఫొటోలు తీసి పెట్టుకోండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకి ఫిర్యాదు చేయండి. గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు. ప్రచురణకర్తకీ ఆ ఫొటోలు పంపండి, దొంగ ముద్రణ మీద చర్య తీసుకునే హక్కు వాళ్లకి ఉంది. సేవా సంస్థ పేరు వాడుకున్న ప్రకటన స్క్రీన్‌షాట్ దొరికితే అది నేరుగా ఆ సంస్థకే పంపండి.